దయ్యపు చలనచిత్రమున కడపటి బొమ్మ



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మీకు కొంత వింతగా దోపవచ్చును. పైరుపచ్చలను గూర్చి గాని, మన పోతిరెడ్డిపాటి తూములగుండ సాగు నీటిని గూర్చి గాని చెప్పక, ఒక దయ్యపు చలనచిత్రమును గూర్చి, అందును దాని కడపటి బొమ్మను గూర్చి చెప్పుటేల యని మీలో కొందరు నవ్వుకొందురు. నవ్వుకొనుడు, తప్పు లేదు. కాని ఆ చిత్రమును మీ మనుమలును మనుమరాండ్రును పలుమారులు చూచియున్నారు. చూచి జడిసినారు, జడుపు తీరిన పిదప అందలి దుష్టుని గొంతును అనుకరించి ఒకరినొకరు బెదరించుకొన్నారు. కథ యేమి చెప్పినదని మీరడిగినచో, దయ్యము చచ్చినదని మాత్రము చెప్పుదురు. ఆ కథలో చచ్చినదెవరు, చావక నిలిచినదెవరు, ఎందులకు నిలిచినది అను ప్రశ్నలు పెద్దలు విచారింపదగినవని నా తలంపు.

ఆ చిత్రము పేరు ‘అరుంధతి’. 2009 జనవరిలో వెలువడినది. దర్శకులు కోడి రామకృష్ణగారు. వారు 2019లో కీర్తిశేషులైరి. నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డిగారు. వీరిరువురును కలిసి 1995లో ‘అమ్మోరు’ అను చిత్రమును గూడ తీసియుండిరి. ‘అరుంధతి’లో అనుష్క రెండు వేషములు ధరించినది: ఒకటి జేజమ్మ, రెండవది జేజమ్మ మునిమనుమరాలగు అరుంధతి. దుష్టుడగు పశుపతి వేషము సోనూ సూద్ అను ఉత్తరదేశీయునిది. అతనికి తెలుగు గొంతు నిచ్చినవారు రవిశంకర్. కథ జరిగినట్లు చెప్పినది గద్వాల సంస్థానమున, అనగా తుంగభద్ర కావలనున్న నడిగడ్డలో. కాని తెరపై మనకు కనబడు ఆ పెద్ద మేడ గద్వాలది కాదు, మన నంద్యాల జిల్లాలోని బనగానపల్లె నవాబులది. బనగానపల్లె ఒకనాడు చిన్న సంస్థానము. 1948లో మదరాసు రాష్ట్రమున కలిసినది. ఊరి వెలుపల నున్న ఆ బంగ్లాను ఇప్పుడు జనులు నవాబు బంగ్లా యనుట మానివేసి, అరుంధతి బంగ్లా యనుచున్నారు. నేను దానిని చూచితిని. ఎండలో నిలిచిన మెట్లు, గాలి వీచు నడవలు, గోడలపై కుఱ్ఱవాండ్రు గీసిన పేర్లు తప్ప అందు దయ్యమేదియు లేదు. బంగ్లా యన్న మాటకే భయపడవలసినచో మన జూపాడు బంగ్లాలో ఒక్కరును కాపురముండజాలరు కదా!

ఇక కడపటి బొమ్మ యనగా నేమి? హరికథకు మంగళమున్నట్లును, తోలుబొమ్మలాట ముగియునపుడు దేవతలకు హారతి యున్నట్లును, ప్రతి కథకును ఒక ముగింపు కలదు. వినువాడు ఇంటికి మోసికొనిపోవునది ఆ ముగింపునే. భయము గొల్పు చిత్రములలో ఈ ముగింపులు రెండు తెరగులు. తలుపు మూసి గడియ వేయునది యొకటి. మూసినట్లే మూసి ఓరవాకిలిగా విడుచునది మరియొకటి. అమెరికా దేశమున 1976లో వచ్చిన ‘క్యారీ’ యను చిత్రమున, అంతయు ముగిసినదనుకొన్న తరువాత సమాధినుండి ఒక చేయి పైకి లేచును. చూచువారు కుర్చీలనుండి ఎగిరిపడిరి. అది కలయని పిదప తెలియును గాని, గడియ మాత్రము పడదు. మన ‘అరుంధతి’ మొదటి తెగకు చెందినది. పశుపతి నశించును, అరుంధతి మిగులును. అయినను ఆ గడియ పడిన విధమును పరికింపవలసియున్నది.

కథను క్లుప్తముగా చెప్పెదను. పశుపతి పరాయివాడు కాడు. ఆ యింటి అల్లుడు, జేజమ్మ అక్కకు భర్త. స్త్రీలపాలిటి మృత్యువు. నాట్యము నేర్పు గ్రుడ్డి గురువమ్మను సైతము చెరచి చంపినాడు. పసిపిల్లయైన జేజమ్మ వానిని శిక్షింపుడని అడిగినది. పెద్దలు తటపటాయించిరి. అల్లుని చంపినచో బిడ్డ విధవ యగును గదా యని వారి బాధ. అది విని ఆ అక్క ఉరి వేసికొని తన మాంగల్యమును తానే అడ్డు తొలగించినది. అప్పుడు జనులు పశుపతిని కొట్టి, గుఱ్ఱమునకు కట్టి ఈడ్పించిరి. వాడు చావలేదు. అఘోరుల చెంత చేరి క్షుద్రవిద్యలు నేర్చి, యేండ్ల తరువాత జేజమ్మ పెండ్లినాటికి తిరిగివచ్చినాడు. ఆమె నాట్యముతో వానిని మరపించి వశపరచుకొన్నది. కాని చంపినచో వాని ప్రేతము మరింత బలియును గనుక, యంత్రములతో బంధించి, ప్రాణముండగనే సమాధి చేయించినది. ఆ సమాధి మునిమనుమరాలి కాలమున తెరువబడినది.

ఇచ్చట ఒక క్షణము నిలిచి చూతము. మన ప్రాంతము సజీవసమాధుల ప్రాంతము. 1671లో మంత్రాలయమున రాఘవేంద్రస్వామివారు బృందావన ప్రవేశము చేసిరి. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామివారు సమాధినిష్ఠులైరి. ఆ బ్రహ్మంగారే మునుపు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట గోవులను కాచుచు కాలజ్ఞానము వ్రాసి, ఆ తాళపత్రములలో కొన్నింటిని అక్కడనే పాతిపెట్టిరనియు, వానిపై చింతచెట్టు మొలచినదనియు జనులు నేటికిని చెప్పుకొందురు. మన పెద్దలకు సమాధి యనగా చావు కాదు, నిలువ. లోపల పెట్టినది చెడదు. పుణ్యాత్ముని పెట్టిన పుణ్యము నిలుచును. మరి దుర్మార్గుని పెట్టినచో? ఆ చిత్రము తీసినవారు ఈ వాడుకను ఎరిగి తలక్రిందులు చేసిరో, ఎరుగక చేసిరో నేను చెప్పజాలను గాని, చూచువారి మనస్సులో నున్నది ఆ నమ్మకమే. భూమిలో పెట్టినది ఎప్పుడో ఒకనాడు లేచును. ఆ సమాధి తెరువబడునపుడు మన పల్లెవాసులకు కలుగు వణుకు పట్నపువాసుల వణుకు వంటిది కాదు.

మన సీమవారికి ఈ మాట వేరొక విధమునను తెలియును. ఊరిలో ఒక తగవు పుట్టును. న్యాయము చేయుటకు చేతకాకనో, బంధుత్వము అడ్డువచ్చియో, పెద్దలు దానిని కప్పిపెట్టుదురు. ఇప్పటికి చల్లారినది, పోనిండు అందురు. ముప్పది యేండ్లకు, నలువది యేండ్లకు, ఆ తగవుతో ఏమాత్రము సంబంధములేని మనుమడు పొలమునకు పోవుచు దానికి బలియగును. కర్నూలు, కడప, అనంతపురము జిల్లాలలో కక్షల చరిత్ర నెరిగినవారికి నేను వివరింపనక్కరలేదు. జేజమ్మ చేసిన పని వీరోచితమే. కాని అది ముగింపు కాదు, వాయిదా. కథ ఈ సంగతి దాచలేదు. వాయిదా వేసిన బాకీ మునిమనుమరాలి గడప తొక్కినది.

ఆమె వాయిదాతో ఊరకుండలేదు. వాని ప్రేతమును రూపుమాపు ఆయుధమునకై తపస్సంపన్నుల నడిగినది. ఆమె యెముకలతోనే ఆ ఆయుధము చేయవలెననియు, అందులకు ఆమె ఘోరమైన బాధతో ప్రాణము విడువవలెననియు వారు చెప్పిరి. తలపై టెంకాయలు కొట్టించుకొని ఆమె ప్రాణత్యాగము చేసినది. తలపై టెంకాయ కొట్టించుకొను మ్రొక్కుబడి తమిళనాట కరూరు జిల్లాలోని మేట్టు మహాదానపురము మహాలక్ష్మి గుడియొద్ద ఆడిమాసమున నేటికిని కలదు. తలలు పగిలి కుట్లు వేయించుకొనువారు ప్రతి యేటను ఉందురు. దీనిని నేను మెచ్చను.

ఎముకల ఆయుధమనగనే మీకు దధీచి స్ఫురించియే యుండును. వృత్రాసురుని జయింపలేక దేవతలు దధీచిమహర్షిని యాచించిరి. ఆయన యోగముతో దేహము విడిచి తన యెముకల నిచ్చెను. వానితో వజ్రాయుధమైనది. ఈ కథ భారతమున అరణ్యపర్వమునను, భాగవతమున షష్ఠస్కంధమునను కలదు. తెలుగు భాగవతమున ఆ స్కంధమును రచించినవాడు పోతన కాదు, ఏర్చూరి సింగన. పురాణము చెప్పువారు సైతము ఒక్కొక్కచో దీనిని మరచుచుందురు. దధీచికథలో దాత యొకడు, ఆయుధము పట్టినవాడు వేరొకడు. ఎముకలిచ్చిన ఋషి పోయినాడు. ఇంద్రుడు దానిని పుచ్చుకొని యుద్ధము చేసినాడు. ఇంద్రుని రక్తము ఒక్క చుక్క యడుగలేదు ఆ వజ్రము.

‘అరుంధతి’లో అడిగినది. నా దృష్టిలో ఈ చిత్రమున కొత్తదనమంతయు ఇచ్చటనే యున్నది. జేజమ్మ యెముకలతో చేసిన కత్తి సిద్ధముగ నున్నది. దానిని వెదకుటలో అరుంధతికి తోడుపడినవాడు అన్వరను ఫకీరు. దర్గాకు హిందువులును, పీర్ల పండుగకు అందరును పోవు మన జిల్లాలో ఆ తోడ్పాటు ఎవరికిని వింతగా తోచలేదు. అయినను ఆ కత్తి ఊరకే పనిచేయదు. అది అరుంధతి రక్తముతో తడిసిన పిమ్మటనే ప్రేతమును కూల్చును. శత్రువు కంటె ముందు ఆ కత్తి తాకవలసినది ఆమె దేహమునే. ఆ రక్తము తగిలినంతనే అరుంధతిలో జేజమ్మ మేల్కొనును. తన రక్తముతో తడిసిన, తన పూర్వజన్మపు టెముకను చేతబట్టి, ఆమె పశుపతిని పొడిచి నాశనము చేయును. పశుపతి లేడు, ఆమె యున్నది. ఇదియే కడపటి బొమ్మ.

దీనికి మొదటి భావము మన సామెతలోనే యున్నది. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు అన్నవానికి ఆ కత్తి లొంగదు. వంశమున ఎవరో మహాత్యాగము చేసిరని ఈ తరమువారు కూర్చున్నచో ఆ త్యాగము పెట్టెలో పడియుండు ఎముక మాత్రమే. తడి ఈ తరమువారిదై యుండవలెను.

రెండవ భావము చెప్పుటకు ముందు జర్మనీ దేశపు చిత్రమొకటి స్మరింపవలెను. 1922లో ముర్నావ్ అను దర్శకుడు ‘నోస్ఫెరాటు’ అను మూగచిత్రమును తీసెను. నెత్తురు త్రాగు ప్రేతమొకటి ఊరిలో మారి వ్యాపింపజేయును. నిష్కల్మషమైన స్త్రీ యొకతె తన నెత్తురును తానే అర్పించి, కోడికూత వరకు దానిని నిలిపియుంచినచో అది సూర్యకాంతికి నశించునని గ్రంథమున వ్రాసియుండును. ఎలెన్ అను ఇల్లాలు అటులనే చేయును. ప్రేతము వెలుగులో కరగిపోవును; ఆమెయు చనిపోవును. చివర తెరపై నిలుచునది శిథిలమైన కోట. ఊరు బ్రతికినది, ఆమె బ్రతుకలేదు. ఆడుదాని చావుతో ఊరికి అరిష్టము తీరుట పడమటి దేశమువారి కథలలోను ఇంత పాతది.

మన యొద్ద మరింత పాతది. పెద్దలారా, మన పల్లెల పొలిమేరలలో పేరంటాండ్ర గుడులెన్ని లేవు! అగ్నిలో దిగినదొకతె, బావిలో దుమికినదొకతె, మానము కాచుకొనుటకై ప్రాణము విడిచినదొకతె. బ్రతికియున్నప్పుడు మాట వినని ఊరు, చచ్చిన తరువాత చీరె రవికె పెట్టి పొంగలి వండినది. భక్తితో మ్రొక్కువారిని నేను నొప్పింపజాలను. కాని ఆ రాళ్ల వెనుక నున్న స్త్రీలలో ఎందరు తమ యిష్టముచేత పోయిరో, ఎందరికి వేరు దారి లేకుండెనో ఎవరును వ్రాసి పెట్టలేదు. మదరాసు రాజధానిలో సహగమనమును నిషేధించుచు 1830లోనే చట్టమైనది. దానిని కీర్తించుటయు నేరమని 1987లో మరియొక చట్టమైనది. రెండవ చట్టము అవసరమైనదనిన, నూటయేబది యేండ్లకు పైగా మనస్సులు ఎంత మారినవో ఊహింపవచ్చును.

ఇప్పుడు మరల చిత్రమునకు వత్తము. ఆ కథలో ముగ్గురు స్త్రీలు వరుసగా నున్నారు. అక్క యురి వేసికొన్నది. పశుపతి అప్పటికి దెబ్బలతో బయటపడినాడు. చెల్లెలు టెంకాయల దెబ్బలతో పోయినది. పశుపతి ప్రేతమై కాచుకొని యున్నాడు. మూడవది అరుంధతి. ఆమెయు చావునకు సిద్ధపడినదే. ఆమెయు చచ్చి, వాడును చచ్చినచో ఊరి పొలిమేరలో నాల్గవ రాయి నాటెడివారము. కథకులకు అది సులువైన దారి, కన్నీరు తెప్పించు దారి. వారు ఆ దారిని పోలేదు. రక్తము చిందినను ఆమె నిలిచినది. అక్క చావు ఫలింపలేదు, జేజమ్మ చావు సగమే ఫలించినది, బ్రతికి నిలిచినదాని చేతనే పని ముగిసినది. చిత్రము తీసినవారు ఈ లెక్క వేసికొని తీసిరని నేననను. ఆ ముగ్గురిని ఒక వరుసలో నిలిపి చూచినచో మాత్రము లెక్క ఇట్లే తేలుచున్నది.

ఒక పెద్దమనిషి నాతో వాదించెను. జేజమ్మయే గదా అరుంధతిలో ప్రవేశించి చంపినది, అది దేవత పూనుట వంటిదే గదా యని ఆయన మాట. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ‘అమ్మోరు’ చిత్రమున అటులనే జరిగినది. ఆపదలోనున్న భక్తురాలిని కాపాడుటకు అమ్మవారే ప్రత్యక్షమై దుష్టుని సంహరించినది; భక్తురాలు ప్రార్థించినది, అంతే. ఆ యిద్దరే, దర్శకుడును నిర్మాతయును, పదునాలుగేండ్ల తరువాత ‘అరుంధతి’ తీసినపుడు అమ్మవారిని పిలువలేదు. జేజమ్మ దేవత కాదు, ఇంటి మనిషి. మన సీమలో నాయన తల్లిని జేజి యనియు, జేజమ్మ యనియు పిలుతుము. పసిబిడ్డల భాషలో జేజ యనగా దేవుడు. ఒక్క మాటలోనే అవ్వయు దేవుడును ఉన్నారు. కోస్తా జిల్లాలవారికి ఆ పేరు కేవలము పేరు; మనకు అది పిలుపు. పైగా ఈ జేజమ్మ వేరొకతె కాదు, అరుంధతి పూర్వజన్మమే. పూనినది తనకు తానే. కనుక ఆ పెద్దమనిషి మాటలో సగము ఒప్పుకొని, సగము ఒప్పుకొనలేదు.

చిత్రమున లోపములు లేవనను. రక్తపాతము మితిమీరినది. పసిపిల్లలు చూడదగినది కాదు. అఘోరులను చూపిన తీరు వారి మతమునకు న్యాయము చేయదు. అన్నిటికంటె నాకు కష్టము తోచునది వేరు. ఇట్టి చిత్రము చూచిన తరువాత ఇంటిలో ఒక ఆడుపిల్ల ఉలికిపడినను, అన్నము మానినను, రాత్రి కేకలు వేసినను, గాలి సోకినదని భూతవైద్యుని యొద్దకు నడిపింతురు. వేపమండలు, మిరపకాయల పొగ. తెరపైనున్న పశుపతి ఎవడో ఒక్కసారి తలచుకొనుడు. వాడు చింతచెట్టునుండి దిగినవాడు కాడు. మేనా యెక్కి, మర్యాదలందుకొని, ఆ యింటి ముంగిట కాళ్లు కడిగించుకొన్న అల్లుడు. వాడు ప్రేతము కాకమునుపే ఆ యింటి స్త్రీలు వానికి వణకిరి. పిల్ల ఉలికిపడినపుడు, తాయెత్తు కట్టించుటకు ముందు, ఎవరిని చూచి ఉలికిపడుచున్నదో అడుగుట మేలు. అడిగినపుడు ఆమె ఒక బంధువు పేరు చెప్పినచో, ఆ జేజమ్మ తండ్రివలె తటపటాయింపక వినవలెను. పిదప ఆసుపత్రికో, ఠాణాకో పోవలసియుండును.

ఇంకొక చిన్న సంగతి గలదు. చిత్రమును చూచినవారు దీనిని తరచు విడిచిపెట్టుదురు. కథ మొదలగునప్పటికి అరుంధతికి పెండ్లి నిశ్చయమైయున్నది. ఆ పెండ్లి పనుల నడుమనే ఉపద్రవమంతయు వచ్చినది. ఆమె చనిపోయి పేరంటాలై యుండినచో ఆ పెండ్లి ఆగిపోయెడిది. ఆమె బ్రతికినది గనుక ఆ పందిరి మరల వేయవచ్చును. పెండ్లిలో తలంబ్రాల తరువాత పురోహితుడు వధూవరులను వాకిటికి తెచ్చి అరుంధతీ నక్షత్రమును చూపును గదా. ఆ పేరు గల పిల్లకు ఆ చుక్కను చూపునపుడు ఆమె యేమనుకొనునో చిత్రమున లేదు. మనము మాత్రము మన పిల్లలకు ఆ చుక్కను చూపవచ్చును. పగటి ముహూర్తములలో పురోహితులు ఉత్తరపు దిక్కునకు వ్రేలు చూపి ఊరకుందురు, ఎవరికిని ఏమియు కనబడదు. చైత్రవైశాఖ మాసములలో ప్రొద్దు గ్రుంకిన రెండు మూడు గడియలకు ఉత్తరమున ఎత్తుగా సప్తర్షిమండలము నిలిచియుండును. నాలుగు చుక్కలు మంచపు కోళ్లవలె, మూడు తోకవలె ఉండును. తోకలోని నడిమి చుక్క వసిష్ఠుడు. దానినే కొంతసేపు కన్నార్పక చూచినచో ప్రక్కనే, అంటియు అంటనట్లు, సన్నని చుక్క యొకటి తేలివచ్చును. అది అరుంధతి. మీ కన్నులకు ఆననిచో మనుమరాలిని అడుగుడు, ఆమె చూపును.